నల్ల ఈగ పురుగుల పెంపకం: బైబ్యాక్ మాట నమ్మి కోళ్ళ షెడ్డు మార్చొచ్చా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

వడమాలపేట_షెడ్డు
అందరికీ నమస్కారం. మాది వడమాలపేట దగ్గర పల్లె. నాన్న బ్రాయిలర్ కోళ్ళు పెంచిన షెడ్డు ఖాళీగా పడి ఉంది, కరెంటు ఉంది, బోరు ఉంది. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు పెంచమంటున్నారు. బీఎస్ఎఫ్ అంటారు కదా, అదే. ట్రేలు, ర్యాకులు, డ్రైయర్, ట్రైనింగ్ అన్నీ కలిపి 7 లక్షలు కట్టాలట, గుడ్లు వాళ్ళే ఇస్తారట, ఎండబెట్టిన పురుగు కిలో 90 రూపాయలకి వాళ్ళే కొంటారట. పురుగు ఏ చెత్తైనా తింటుంది కాబట్టి మేత ఖర్చు సున్నా అన్నారు, పైగా పర్యావరణానికి మంచిది, కోళ్ళకి చేపలకి సోయా బదులు ఇదే రాబోయే మేత అన్నారు. నాన్నకి ఇష్టం లేదు, నాకు మాత్రం చెయ్యాలని ఉంది. పురుగుల పెంపకం నిజంగా చేసినవాళ్ళు, దగ్గరగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చిత్తూరు_కోళ్ళు
తమ్ముడూ, మొదట కొనేది ఎవరో చూడు. మన జిల్లాలో బ్రాయిలర్ పెంచేవాళ్ళలో ఎక్కువమందిమి కంపెనీ కాంట్రాక్టు మీద పెంచేవాళ్ళమే, మీ నాన్నగారు కూడా అలాగే పెంచి ఉంటారు. పిల్ల వాళ్ళదే, మేత వాళ్ళదే, మందు వాళ్ళదే, మాకు వచ్చేది పెంపకం కూలి. మేతలో ఏం కలపాలో మేం నిర్ణయించం. మేత మిల్లు వాడు నిర్ణయిస్తాడు, వాడికి టన్నుల్లో సరుకు కావాలి, ప్రతి లోడులో ప్రొటీన్ ఒకేలా ఉండాలి, ధర సోయా పిండితో పోటీ పడాలి. సోయా కిలో నలభై అటు ఇటు ఉన్నప్పుడు తొంభై పెట్టి పురుగు ఎందుకు కొంటాడు? 2021లో సోయా ధర ఆకాశానికి ఎక్కినప్పుడు కూడా మిల్లుల వాళ్ళు పురుగుల కోసం పరిగెత్తలేదు, కేంద్రం మీద ఒత్తిడి తెచ్చి 12 లక్షల టన్నుల సోయా పిండి బయటి దేశాల నుంచి దిగుమతికి అనుమతి తెచ్చుకున్నారు.

నీ దగ్గర తొంభైకి కొని ఆ కంపెనీ ఎవరికి అమ్ముతుందో అడిగావా?

పలమనేరు_మల్బరీ
పురుగుల పెంపకం కొత్త విషయం అన్నట్టు మాట్లాడుతున్నారు కానీ పలమనేరు, వి.కోట, కుప్పం, రామకుప్పం వైపు ఎన్నో ఏళ్ళుగా ఇళ్ళిళ్ళా పురుగులే. పట్టుపురుగు పెంచేవాడికి తెలిసిన కష్టాలన్నీ మీ నల్ల ఈగకి కూడా పేరు మారి వస్తాయి, అందుకే రాస్తున్నాను.

నాలుగో జ్వరం, అంటే పురుగు నాలుగోసారి పొర విడవడం, అది లేచిన తర్వాత పురుగు తినే తిండి చూడాలి. పంట మొత్తానికి పట్టే ఆకులో నూటికి ఎనభై పాళ్ళు ఆ చివరి దశలోనే తినేస్తుంది. ఆ ఏడెనిమిది రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, పెళ్ళికీ పోలేం, చావుకీ పోలేం. ఆ టైంలోనే పక్క చేనులో టమాటాకి మందు కొడతారు. గాలికి మల్బరీ మీద పడిందంటే పురుగు తల పైకెత్తి పచ్చగా కక్కుతుంది, సాయంత్రానికి తట్టలకి తట్టలు పోతాయి. పక్కవాడిని తిట్టలేం, వాడి పంట వాడు కాపాడుకుంటున్నాడు. దీనికి బీమా లేదు. పాలరోగం వస్తే అంతే, సున్నపుకట్టు వస్తే అంతే. ఇన్ని దాటుకుని గూళ్ళు కట్టి మార్కెట్‌కి తీసుకెళ్తే పోయిన వారం ధర ఈ వారం ఉండదు.

అయినా మేం నిలబడ్డామంటే మూడు కారణాలు. గుడ్లు పరీక్ష చేసి ఇచ్చే ప్రభుత్వ వ్యవస్థ ఉంది, చిన్న పురుగుల్ని పెంచి ఇచ్చే చాకీ సెంటర్లు ఉన్నాయి, గూళ్ళకి బహిరంగ వేలం జరిగే మార్కెట్లు ఉన్నాయి. గూళ్ళ నుంచి దారం తీసే ఒక రీలర్ కాకపోతే ఇంకో రీలర్ పాడతాడు. నీకు గుడ్లు ఇచ్చేదీ ఒకడే, కొనేదీ వాడే. నాకు భయం అక్కడే.

వడమాలపేట_షెడ్డు
పలమనేరు అన్నా, ఇంత వివరంగా రాసినందుకు థ్యాంక్స్. కానీ పట్టుపురుగుకి ఆకు పండించాలి, మందు పడితే చస్తుంది, చాలా సున్నితం. ఇది మొండి పురుగు, చెత్తలో పెరుగుతుంది, రోగాలు తక్కువ అని విన్నాను. చెత్త తిరుపతిలో కావలసినంత ఉంది కదా అన్నా?

తిరుచానూరు_ఎరువు
చెత్త ఉంది. కానీ అది నీదాకా రావాలి కదా. తిరుపతిలో చిన్న యూనిట్ నడుపుతున్నాను కాబట్టి ఇది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను.

హోటళ్ళలో మిగిలింది ఇప్పటికే పందుల వాళ్ళు తీసుకెళ్తున్నారు, కొందరు హోటల్‌కి డబ్బులిచ్చి మరీ. కార్పొరేషన్ తడి చెత్తకి తూకివాకంలో గ్యాస్ తీసే ప్లాంటు ఉంది. నువ్వు వెళ్ళి అడిగితే మిగిలింది ఇస్తారు, అందులో సాంబారు నీళ్ళు, విస్తరాకులు, సాచెట్లు, టూత్‌పిక్‌లు, కవర్లు కలిసి ఉంటాయి. అది ఏరడానికి మనిషి కావాలి, గట్టిగా పిండి నీళ్ళు వంచాలి, లేకపోతే ట్రేలో గాలి ఆడదు. గాలి ఆడకపోతే పురుగు తిండి మానేసి గోడలు ఎక్కుతుంది, తెల్లారి వెళ్ళి తలుపు తీస్తే నేలంతా పాకుతూ ఉంటాయి. అమోనియా కంపు కళ్ళలోకి కొడుతుంది. ఆ కంపుకి మామూలు ఈగలు చేరతాయి, చుట్టుపక్కల వాళ్ళు గొడవకి వస్తారు. నల్ల ఈగ పెద్దదయ్యాక తిండి జోలికే రాదు, ఇళ్ళలోకి రాదు, అది నిజమే. కానీ పక్కింటివాళ్ళకి ఈ ఈగ వేరు ఆ ఈగ వేరు అని చెబితే వింటారా?

ఎండ సంగతి ఎవరూ చెప్పరు. పురుగులు గుంపుగా తింటుంటే వాటి వేడి అవే పుట్టిస్తాయి. ఒక మధ్యాహ్నం ట్రే మధ్యలో చెయ్యి పెట్టి చూడు, బయటి గాలి కంటే లోపల ఎంత వేడిగా ఉంటుందో తెలుస్తుంది. మన దగ్గర మే నెలలో బయటే 42, 43 డిగ్రీలు. షెడ్డుకి రేకులే ఉంటే లోపల ఇంకా ఎక్కువ. పోయిన ఎండాకాలం మాకు ఒక వరస ర్యాకుల పురుగు మొత్తం ఒకే మధ్యాహ్నం పోయింది, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి, అంతే. అదే నవంబర్, డిసెంబర్ ముసురులో ఇంకో రకం కష్టం: ఈగ జత కట్టాలంటే మంచి వెలుతురు ఉండాలి, రోజుల తరబడి మబ్బు ఉంటే గుడ్ల సంఖ్య పడిపోతుంది. లైట్లు పెట్టాలి. అదీ ఖర్చే.

ఇంత చెప్పి కూడా నేను మానలేదు. మానాలనీ లేదు. ఎందుకంటే నేను ఎండు పురుగు అమ్మి బతకడం లేదు. చెత్త తీసుకెళ్ళినందుకు రెండు అపార్ట్‌మెంట్ల వాళ్ళు నెలకి ఇంత అని ఇస్తారు, పచ్చి పురుగు నాటుకోళ్ళు పెంచేవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు, మిగిలిన ఎరువు నర్సరీలకి పోతుంది. మూడూ కలిస్తేనే గిట్టుతుంది, ఏ ఒక్కటి ఆగినా ఆ నెల నష్టమే.

గుడిపాల_మామిడి
మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తొక్క, టెంక వాడుకోవచ్చా? సీజన్‌లో చిత్తూరు చుట్టూ గుట్టలు గుట్టలు పడేస్తారు, వాన పడితే ఆ రసం కాలువల్లోకి పోతుంది, కంపు భరించలేం. 2025లో తోతాపురి కొనేవాడు లేక రైతులు ట్రాక్టర్లతో ఫ్యాక్టరీల ముందు ఎన్ని రోజులు పడిగాపులు కాశారో అందరికీ తెలుసు. ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలుపుతానని చెబితే గానీ కదల్లేదు. అలా కుళ్ళిన కాయైనా పురుగుకి వేస్తే కొంత పనికొస్తుంది కదా అని అడుగుతున్నాను.

తిరుచానూరు_ఎరువు
వాడొచ్చు కానీ ఒక్క మామిడి తొక్కే వేస్తే పురుగు సరిగా ఎదగదు, అందులో చక్కెర, నీళ్ళు తప్ప మాంసకృత్తులు బాగా తక్కువ. తవుడో, కోళ్ళ పెంటో, సోయా పాల పిప్పో కలపాలి. టెంక అసలు తినదు. అన్నిటికన్నా పెద్ద సమస్య, జూన్ నుంచి ఆగస్టు దాకా మామిడి ఉంటుంది, సెప్టెంబర్‌లో ఏం వేస్తావు? పురుగుకి సెలవు ఇవ్వలేం. ఈగల గది ఒకసారి ఆగితే మళ్ళీ మొదటి నుంచి మొదలు.

రిటైర్డ్_ఏఈ
విద్యుత్ శాఖలో పని చేశాను కాబట్టి డ్రైయర్ లెక్క నేను చెబుతాను, ఆ కంపెనీ వాళ్ళ కాగితాల్లో ఇది ఉండదు.

పచ్చి పురుగు బరువులో 65 నుంచి 70 శాతం నీళ్ళే. 100 కిలోల పచ్చి పురుగు ఎండబెడితే చేతికొచ్చేది 33 కిలోల దగ్గర. పోవలసిన నీళ్ళు 67 కిలోలు. ఒక కిలో నీటిని ఆవిరి చెయ్యడానికి ఏ నష్టం లేకుండానే 0.63 యూనిట్ పడుతుంది, మామూలు డ్రైయర్‌లో వేడి బయటికి పోయేది కలిపితే ఒక యూనిట్ అనుకోండి. అంటే 67 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 469 రూపాయలు, ఎండు పురుగు కిలోకి 14 రూపాయలు ఒక్క ఎండబెట్టడానికే. ఫ్యాన్లు, లైట్లు, పురుగుని ఎరువు నుంచి వేరు చేసే జల్లెడ మోటారు ఇవన్నీ వేరే. సోయా గింజ చేలోనే ఎండలో ఎండుతుంది, ఈ ఖర్చు దానికి లేదు.

ఇంకో లెక్క. బాగా నడిచే యూనిట్‌లో టన్ను తడి చెత్తకి 200 కిలోల పచ్చి పురుగు వస్తే గొప్ప. ఎండితే 65 కిలోలు. 90 చొప్పున 5,850. అందులోంచి చెత్త తెచ్చే ఆటో డీజిల్, ఇద్దరు కూలీలు, కరెంటు, గుడ్లు, 7 లక్షల మీద వడ్డీ తీసేసి చూసుకో బాబూ. మరి రోజుకి టన్ను చెత్త శుభ్రంగా వడమాలపేటకి ఎవరు తెచ్చిపెడతారు?

పచ్చదనం_తిరుపతి
ఏఈ గారు చెప్పిన నీళ్ళ లెక్క దగ్గరే పర్యావరణం మాట కూడా ఆగుతుంది. పురుగు తక్కువ స్థలంలో పెరుగుతుంది, నీళ్ళు తక్కువ, మీథేన్ తక్కువ, ఇవన్నీ 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ నివేదిక వచ్చినప్పటి నుంచి చెబుతున్నదే, అబద్ధం కాదు. కానీ అవన్నీ పురుగు నిజంగా చెత్త తింటేనే. యూరప్‌లో చట్టం ప్రకారం పెంచే పురుగు కూడా పశువు కిందే లెక్క, హోటల్ ఎంగిలి, పేడ వెయ్యకూడదు. అందుకని గోధుమ తవుడు లాంటివి కొని వేస్తారు. అవి పశువులు నేరుగా తినగలిగే మేతే కదా! మధ్యలో పురుగుని పెట్టి దానికి వేడి, కరెంటు ఖర్చు పెట్టి మళ్ళీ కోడికి వేస్తే మిగిలింది ఏమిటి? బ్రిటన్ ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో కూడా పురుగు పిండి వల్ల వచ్చే కర్బన ఉద్గారాలు సోయా కంటే చాలా రెట్లు ఎక్కువని తేలింది.

ఫ్రాన్స్‌లో యిన్సెక్ట్ అనే కంపెనీ ఉండేది, 2011లో మొదలైంది, 60 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి తెచ్చింది, ఆమియన్ దగ్గర అంతస్తులు అంతస్తులుగా రోబోలతో మీల్‌వార్మ్ అనే ఇంకో రకం పురుగుల ఫ్యాక్టరీ కట్టింది. 2024లో కోర్టు రక్షణ కోరింది, 2025 డిసెంబర్‌లో మూసెయ్యమని కోర్టు చెప్పింది. డబ్బు తక్కువై కాదు, టెక్నాలజీ లేక కాదు. పశువుల మేత మార్కెట్‌లో వాళ్ళ ధరకి సరుకు కొనేవాళ్ళు లేరు.

బెంగళూరు_రోడ్డు
అందరూ భయపెడుతున్నారు, నేను ఇంకో వైపు చెప్తాను. ఫ్రాన్స్‌లో చలికి షెడ్డు వేడి చెయ్యాలి, మనకి అక్కర్లేదు. కూలి తక్కువ. ఎంగిలి వేస్తే ఆపే అలాంటి చట్టం మనకి ఉన్నట్టు నేను వినలేదు. మనం పోటీ పడాల్సింది సోయాతో కాదు, చేపపిండితో, అది కిలో వందకి పైనే. సముద్రంలో చిన్న చేపల్ని ఊడ్చేసి పిండి చేసి రొయ్యలకి వేస్తున్నాం, అది పర్యావరణానికి మంచిదా? బెంగళూరులో లూప్‌వర్మ్ వాళ్ళు పురుగుల ప్రొటీన్ చేస్తున్నారు, పట్టుగూళ్ళ నుంచి వచ్చే ప్యూపా, అంటే గూటి లోపలి పురుగు, అది కూడా వాడుతున్నారు. నెల్లూరు మనకి పక్కనే, రొయ్యల చెరువులు ఎన్ని ఉన్నాయి! ముందు దిగినవాడికి కష్టం ఉంటుంది, నిజమే, కానీ ఎవరూ దిగకపోతే ఖర్చు ఎప్పటికీ తగ్గదు.

చిత్తూరు_కోళ్ళు
దిగేది నువ్వు కాదు కదా బ్రదర్, 7 లక్షలు ఆ అబ్బాయివి. నెల్లూరు రొయ్యల రైతు 2025లో అమెరికా సుంకం 50 శాతం వేసినప్పుడు మేత ఖర్చు ఎలా తగ్గించాలా అని చూశాడు, ఎక్కువ ధర పెట్టి కొత్త మేత కొనే స్థితిలో ఉన్నాడా?

పలమనేరు_మల్బరీ
ప్యూపా మాట వచ్చింది కాబట్టి. రీలింగ్ యూనిట్లలో దారం తీశాక మిగిలే ప్యూపా ఎంతో తెలుసా, పచ్చి గూడు బరువులో నూటికి ఎనభై దాకా ప్యూపాయే. మదనపల్లె వైపు యూనిట్ల దగ్గర నిలబడితే వచ్చే ఆ వాసన దానిదే. కాస్త ఆలస్యమైతే కుళ్ళిపోతుంది, అందుకే చవగ్గా ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. పురుగు పెంచిన ఖర్చు అప్పటికే పట్టులో వచ్చేసింది, ఇది ఊరికే వచ్చిన ప్రొటీన్. పర్యావరణం గురించి నిజంగా ఆలోచించేవాళ్ళు కొత్త పురుగు తెచ్చేముందు దీన్ని పోగుచేసి ఎండబెట్టే ఏర్పాటు రీలర్ల దగ్గర చెయ్యాలి. ఈ పని ఎవరైనా మొదలుపెడితే మా రైతులం కూడా కలుస్తాం, గూటికి రెండు రూపాయలు ఎక్కువ వస్తుందనే ఆశ.

వెటర్నరీ_తిరుపతి
నేను ఇక్కడ పశువైద్య విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. మేత సంగతి కొంచెం చెప్తాను. బీఎస్ఎఫ్ పురుగు పొడిబరువులో 40 శాతం దగ్గర ప్రొటీన్, 30 శాతం దగ్గర కొవ్వు ఉంటుంది, కానీ ఏం తిన్నదాన్ని బట్టి బాగా మారుతుంది. పైన అంకుల్ చెప్పిన ప్రతి లోడు ఒకేలా ఉండాలి అన్న షరతు ఇక్కడే తప్పుతుంది. పై తొడుగులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, ఎక్కువ వేస్తే అరుగుదల తగ్గుతుంది, అందుకని సోయా మొత్తం తీసేసి ఇది వెయ్యలేరు, కొంత భాగమే.

చెత్తలో కాడ్మియం అనే విషపు లోహం ఉంటే పురుగు దాన్ని ఒంట్లో కూడబెట్టుకుంటుంది, బ్యాటరీలు పెయింట్లు కలిసిన మున్సిపల్ చెత్త అందుకే వద్దు. బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్‌ని మాత్రం కూడబెట్టుకోదు, బూజు పట్టిన వేరుశనగ చెక్క లాంటివి వాడుకోవడానికి ఇదొక మంచి దారి, మన జిల్లాకి పనికొచ్చే విషయం.

రోగాలు రావు అనడం సరికాదు. 2010 ప్రాంతంలో అమెరికాలో కీచురాళ్ళ ఫారాలు ఒక్క డెన్సోవైరస్ వల్ల మూతపడ్డాయి. ఏ జీవినైనా వేలు లక్షలుగా ఒకచోట కుక్కి పెడితే రోగం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

తలకోన_తేనె
రోగాల గురించి అన్నారు కాబట్టి తేనెటీగల సంగతి కూడా వినండి. 1991, 92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో మన పుట్టతేనె ఈగల పెట్టెల్ని దాదాపు తుడిచిపెట్టేసింది, పెట్టెల పెంపకం మీద బతికే కుటుంబాలు వేరే పనులు వెతుక్కున్నాయి. పలమనేరు అన్నకి బాగా తెలిసే ఉంటుంది, పట్టుపురుగుల్ని చంపే ఊజీ ఈగ 1980కి ముందు కర్ణాటకలో లేదు, బెంగాల్ నుంచి గూళ్ళతో పాటు వచ్చింది, ఇప్పటికీ పోలేదు. అమెరికాలో 1869లో పట్టు కోసమని ఒకాయన యూరప్ నుంచి తెచ్చిన చిమ్మట తప్పించుకుంది, ఇవాళ్టికీ అక్కడి అడవుల ఆకులు తినేస్తోంది.

నల్ల ఈగ ఇప్పటికే మన పేడదిబ్బల్లో ఉంది, అది కొత్తగా తప్పించుకునేదేం లేదు, ఆ భయం అక్కర్లేదు. కానీ రేపు ఎవరో మీల్‌వార్మ్ అంటారు, ఇంకేదో అంటారు. వేరే దేశం పురుగు గుడ్లు కొరియర్‌లో తెప్పించి పెంచేవాళ్ళని చూస్తే మాత్రం నాకు చాలా టెన్షన్. తలకోన అడవి పక్కనే ఉంటాం మేం.

వడమాలపేట_షెడ్డు
అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్ని విషయాలు నాకు ఎవరూ చెప్పలేదు. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి మీరు ఎవరికి అమ్ముతారు అని అడిగాను, అది బిజినెస్ సీక్రెట్ అన్నారు. అగ్రిమెంట్ కాపీ పంపారు. అందులో తేమ 8 శాతం దాటితే, ప్రొటీన్ వాళ్ళు చెప్పినంత లేకపోతే సరుకు తిరస్కరిస్తాం అని ఉంది. పరీక్ష ఎక్కడ చేస్తారో లేదు. గుడ్లు వాళ్ళ దగ్గరే కొనాలి అని ఉంది.

బ్యాంకు_మేనేజర్_చిత్తూరు
సంతకం పెట్టకండి. గుడ్లు వాళ్ళ దగ్గరే కొనాలి, సరుకు బాగుందో లేదో వాళ్ళే తేలుస్తారు, మీ 7 లక్షలు ముందే వాళ్ళ చేతిలో ఉంటాయి. వాళ్ళ లాభం మీ పురుగు అమ్మితే వస్తుందా, మీకు ట్రేలు అమ్మితే వస్తుందా అని ఒకసారి ఆలోచించండి. ఈము పక్షుల సంగతి ఈ తరం వాళ్ళకి తెలియదేమో. తమిళనాడు పెరుందురైలో 2012లో సుసి ఈము కంపెనీ మూతపడ్డాక మన వైపు కూడా ఈముల్ని కొనేవాడు లేక, మేత వెయ్యలేక రైతులు పడ్డ బాధ నేను లోన్ ఫైళ్ళలో చూశాను. అక్కడా ఇదే మాట, పిల్ల మేమే ఇస్తాం, పెద్దయ్యాక మేమే కొంటాం.

అగ్రిమెంట్‌లో కనీస కొనుగోలు పరిమాణం, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, మూడో పక్షం ల్యాబ్, వాళ్ళు కొనకపోతే డిపాజిట్ వాపసు, ఈ నాలుగూ రాతలో ఉంటేనే మాట్లాడండి. రాయనంటే వదిలెయ్యండి.

వడమాలపేట_షెడ్డు
వదిలేస్తున్నాను సార్. కానీ పురుగు మాత్రం వదలను. మా పక్క ఊళ్ళో నాటుకోళ్ళు పెంచేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి పచ్చి పురుగు ఇస్తే డ్రైయర్ అక్కర్లేదు కదా. మా దగ్గర కల్యాణ మండపం ఒకటి ఉంది, ఆకులో మిగిలింది కాకుండా వంటగదిలో తరిగిన కూరగాయల తొక్కలు విడిగా ఇస్తామన్నారు. షెడ్డు మొత్తం కాదు, ఒక మూల మాత్రమే. నాన్న కూడా సరే అన్నాడు. తిరుచానూరు అన్నా, గుడ్లు ఎక్కడ దొరుకుతాయి, రేకుల వేడికి ఏం చెయ్యాలి?

తిరుచానూరు_ఎరువు
గుడ్లు కొనకు తమ్ముడూ. ఒక డబ్బాలో పులిసిన తవుడు పెట్టి, పైన ముడుచుకున్న అట్ట ముక్కలు కట్టి చెట్టు నీడలో పెట్టు, మన ఊళ్ళ ఈగలే వచ్చి ఆ అట్ట సందుల్లో పెడతాయి. అవి ఈ ఎండకి అలవాటుపడినవి. నీకు సరిపడా కాలనీ నిలబడ్డానికి కొంత ఓపిక పట్టాలి. రేకుల మీద కొబ్బరాకులో వరిగడ్డో పరిచి మధ్యాహ్నం తడుపు, ట్రేలో మేత నాలుగు వేళ్ళ మందం దాటనివ్వకు, మందం ఎక్కువైతేనే వేడి పుడుతుంది. చీమలకి ర్యాకు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టు, మందు మాత్రం కొట్టకు. కొనే నాటుకోళ్ళ వాళ్ళతో ముందే మాట్లాడుకో, వాళ్ళు వారానికి ఎంత తీసుకుంటారో అంతే పెంచు. ఆదివారం సాయంత్రం రా, మా యూనిట్ చూద్దువు, జల్లెడ ఎలా పట్టాలో చూపిస్తాను.

పలమనేరు_మల్బరీ
నేనూ వస్తాను ఆదివారం. ప్యూపా ఎండబెట్టడం గురించి మాట్లాడాలి, వీలైతే ఏఈ గారిని కూడా రమ్మనండి, సోలార్ డ్రైయర్ లెక్క కావాలి.